మినిట్స్‌కెక్కనివి

ఏప్రిల్ 2, 2024, మంగళవారం

టెక్సాస్‌లో అబ్బాయింటికి వచ్చి నాలుగు రోజులైంది. నిద్ర ఇంకా గోదావరి ఒడ్డునే ఉంది. రాత్రి రెండింటికి మెలకువ వస్తే చేసేదేముంది, వంటింటి బల్ల మీదున్న కాగితాలు తిరగేశాను. ముప్పై నాలుగేళ్లు జిల్లా పరిషత్‌లో కాగితాలు చదివి బతికినవాణ్ణి, చెయ్యి ఊరుకోదు.

అబ్బాయి ఇంటిపన్ను బిల్లు దొరికింది. ఒక్క ఇంటికి నలుగురు వాటాదార్లు: బడి, ఊరు, కౌంటీ, కాలేజీ. సింహభాగం బడిది. కౌంటీ వాటా చిన్నదే కానీ రేటు చూసి కళ్లద్దాలు తుడుచుకున్నాను. దశాంశం తర్వాత ఆరు అంకెలు! పొద్దున్న అబ్బాయి ఫోన్లో చూసి చెప్పాడు, పక్కనున్న కాలిన్ కౌంటీ 2023 రేటు కూడా అలాగే ఉందట: వంద డాలర్ల విలువకి 0.149343. మినహాయింపులేవీ లేకపోతే అయిదు లక్షల డాలర్ల ఇంటికి 747 డాలర్లు.

ఆ చివరి 3 దగ్గర ఆగుదామని ఎవరో ఓ చోట కూర్చుని తేల్చుకున్నారన్న మాట. వాళ్లని చూడాలి.

ఏప్రిల్ 8, సోమవారం, అమావాస్య

సంపూర్ణ సూర్యగ్రహణం. మధ్యాహ్నం ఒంటిగంట నలభై దాటాక ఊరంతా సాయంసంధ్య. సుమారు మూడు నిమిషాలు వీధి దీపాలు వెలిగాయి, పిట్టలు గూళ్లకి మళ్లాయి. దర్భలు దొరక్క మా ఆవిడ ఆవకాయ జాడీ మీద తులసాకు పెట్టింది.

ఇక్కడికి దక్షిణాన బెల్ కౌంటీ వాళ్లు ఈ గ్రహణానికి వారాల ముందే 'విపత్తు' ప్రకటించారు. రాహువుకి భయపడి కాదు. చూడ్డానికొచ్చే జనంతో రోడ్లు నిండిపోతాయని, పెట్రోలూ తిండీ చాలవని, అంబులెన్స్‌కి దారి ఉండదని. టెక్సాస్‌లో కౌంటీ జడ్జి ఒక్కరే సంతకం పెట్టి విపత్తు ప్రకటించవచ్చు. ఏడు రోజులు దాటితే మాత్రం కౌంటీ సభ ఒప్పుకోవాలి. ఆ ఏడు రోజుల లెక్క నాకు నచ్చింది. అత్యవసరం పేరుతో పెట్టిన సంతకాలకి తర్వాతి సభలో ధ్రువీకరణ రాసీ రాసీ నా వేళ్లు అరిగాయి.

ఏప్రిల్ 9, మంగళవారం

క్రోధి నామ ఉగాది. వేపపువ్వు ఊరినుంచి తెచ్చిందే, బెల్లం మెక్సికోది.

ఏప్రిల్ 16, మంగళవారం

కౌంటీ సభకి కోడలు కారులో దింపింది. "ఎన్నింటికి రమ్మంటారు మావయ్యగారూ?" అంది. సభ ఎప్పుడు ముగుస్తుందో చెప్పగలిగిన సూపరింటెండెంట్ ఇంకా పుట్టలేదమ్మా అన్నాను.

గుమ్మం దగ్గర సంచి తనిఖీ చేశారు. ఎవరు, ఎందుకొచ్చారని మాత్రం ఒక్కరూ అడగలేదు. లోపల కాస్త ఎత్తైన వేదిక మీద అయిదు కుర్చీలు. మధ్యలో కౌంటీ జడ్జి, ఇరుపక్కలా నలుగురు కమిషనర్లు. కౌంటీని ప్రెసింక్టులని నాలుగు ముక్కలు చేసి ముక్కకొకరిని ఎన్నుకుంటారు, జడ్జిని అందరూ కలిసి ఎన్నుకుంటారు. ప్రార్థనయ్యాక రెండు జెండాలకి రెండు ప్రతిజ్ఞలు చేశారు, దేశానికొకటి, టెక్సాస్‌కొకటి. తర్వాత అజెండా.

జనం కోసం వేసిన కుర్చీలు వందకి తగ్గవు. కూర్చున్నవాళ్లం ఏడుగురం. అందులో నలుగురు ఉద్యోగులని మెడలో తాళ్లు చెబుతున్నాయి. మూడో వరసలో ఒక టోపీ పెద్దాయన, అజెండా అచ్చువేసుకుని తెచ్చి పెన్సిల్‌తో గీతలు గీసుకుంటున్నాడు. మనవాడే అనిపించింది.

నలభై రెండు నిమిషాల్లో సభ అయిపోయింది. నేనింకా నోట్‌బుక్కు తీసి తేదీ వేశానంతే.

ఏప్రిల్ 17, బుధవారం, శ్రీరామనవమి

బావమరిది ఫోన్ చేశాడు. పానకం కబుర్ల మధ్య మా ఆవిడ, "మీ బావగారు నిన్న కోర్టుకెళ్లొచ్చారురా" అంది. అటునుంచి కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా, "కేసేంటక్కా? అబ్బాయికేమన్నానా?" అన్నాడు.

తప్పు వాడిది కాదు. టెక్సాస్‌లో కౌంటీ సభ పేరే 'కమిషనర్స్ కోర్ట్'. అక్కడ తీర్పులుండవు, తీర్మానాలే. దాని అధ్యక్షుణ్ణి జడ్జి అంటారు గానీ ఆయనకి లా డిగ్రీ ఉండాలన్న నియమం లేదు. 1876 నాటి రాజ్యాంగంలో పెట్టిన పేర్లు అలాగే నడుస్తున్నాయి. మనకి మాత్రం కలెక్టరు కలెక్ట్ చేస్తున్నాడా ఏమిటి?

ఏప్రిల్ 18, గురువారం

మనవడు గ్లోబు తిప్పుతూ అడిగాడు, "తాతయ్యా, టెక్సాస్‌లో ఎన్ని కౌంటీలు?" నిన్ననే చదివాను కాబట్టి గొప్పగా చెప్పాను: 254. హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో 2020 లెక్కల ప్రకారం 47 లక్షల మంది. పశ్చిమాన లవింగ్ కౌంటీలో 64 మంది. పొరపాటు కాదు, అరవై నలుగురు. రెండింటికీ అలాగే ఒక జడ్జి, నలుగురు కమిషనర్లు.

లవింగ్‌లో షావుకారు కొట్టు దగ్గర ముగ్గురు పోగైతే కోరం వచ్చేసినట్టే.

ఏప్రిల్ 30, మంగళవారం

ఈవేళ అసలు కిటుకు దొరికింది. మూకుమ్మడి జాబితా. చిన్నాచితకా పనులన్నీ ఒకే అంశం కింద కట్టగట్టి, చదవకుండానే ఒక్క ఓటుతో దాటిస్తారు. ఎవరైనా సభ్యుడు ఫలానాది విడిగా తీయండంటేనే బయటికి లాగుతారు. ఈవేళ జాబితాలో ముప్పైకి పైనే ఉన్నాయి. పాత కార్ల వేలం, ఒక గుమస్తా రాజీనామా, ముద్రణ కాగితం ఒప్పందం, గత సభ మినిట్స్. "ప్రతిపాదిస్తున్నాను", "బలపరుస్తున్నాను", అయిదుకి సున్నా. నేను తుమ్మేలోపు ముప్పై తీర్మానాలు.

మన సభలు గుర్తొచ్చాయి. జడ్పీటీసీలు, ఎంపీపీలు, ఎమ్మెల్యేలు, అధికారులు, వాళ్ల వెనక ఫైళ్లు మోసే మేము. మొదటి గంట కరెంటు ఎస్‌ఈ ఎందుకు రాలేదన్న దాని మీదే. రెండో గంట పోడియం చుట్టూ. భోజనాల వేళకి మిగతా అంశాలన్నీ 'ఆమోదించడమైనది'. మరి మూకుమ్మడి జాబితా అంటే అది కాదూ! మనవాళ్లు ఆకలిని అడ్డం పెట్టుకుని చేసేదాన్ని వీళ్లు పద్ధతి పెట్టి చేస్తున్నారు.

మినిట్స్ చివర నేనెప్పుడూ ఒకే వాక్యం రాసేవాణ్ణి: సభ ప్రశాంతంగా జరిగినది.

మే 7, మంగళవారం

ఇక్కడ టేబుల్ అజెండా లేదు! సభ మధ్యలో ఎవరి జేబులోంచో కాగితం తీసి, "ఇదొకటి కలుపుకోండి" అనడానికి వీల్లేదు. 72 గంటల ముందు గోడకంటించిన జాబితాలో లేనిదాని మీద ఓటు వేయకూడదు. ఎవరైనా లేవనెత్తినా తెలిసిన సంగతి చెప్పి ఊరుకోవాలి, లేదా తర్వాతి అజెండాలో పెడతామనాలి.

భూమి కొనుగోలు, కోర్టు కేసులు, ఉద్యోగుల వ్యవహారాల్లాంటివైతే తలుపులు మూసుకుని మాట్లాడుకోవచ్చు. ఓటు మాత్రం మళ్లీ బయటికొచ్చి అందరి ముందూ వేయాలి. ఈవేళ పాతిక నిమిషాలు లోపల కూర్చున్నారు. టోపీ పెద్దాయనా నేనూ ఖాళీ కుర్చీలని చూస్తూ కూర్చున్నాం. ఆయన నాకో పిప్పరమెంటిచ్చాడు.

మే 14, మంగళవారం

అందరూ లేచి వెళ్తుంటే బిల్లుల జాబితా కాపీ ఒకటి తీసుకున్నాను. ఎవరికైనా ఇస్తారు. టైర్లు, కంకర, జైలు వంటగదికి బంగాళాదుంపలు, కోర్టు పెట్టిన లాయర్ల ఫీజులు. వాటి మధ్య ఒక శవసంస్కారం ఖర్చు.

తనవాళ్లంటూ లేక, చేతిలో పైసా లేక పోయినవాణ్ణి సాగనంపే బాధ్యత చట్టప్రకారం కమిషనర్ల సభది. పేరు రాయలేదు, ఒక మొత్తం రాశారు. పైవరసలో టైర్లు, కిందవరసలో ఫొటోకాపీ యంత్రం అద్దె.

మన దగ్గర అనాథ శవమంటే పంచాయతీ కార్యదర్శి అటూ ఇటూ పరుగెత్తి నలుగురి దగ్గర చందా పోగుచేయడం నేనెరుగుదును. ఇక్కడ అయిదుగురు చేతులెత్తి దహనం చేశారు, తెలిసో తెలియకో.

మే 15, బుధవారం

ఇంటి విలువ మీద అభ్యంతరం చెప్పుకోవడానికి ఈవేళే ఆఖరు. అబ్బాయి రాత్రి పదకొండింటికి లాప్‌టాప్ ముందు కూర్చుని పక్కిళ్ల అమ్మకం ధరలు ఏరుతున్నాడు. "కౌంటీవాళ్లు మరీ దారుణం నాన్నా" అంటున్నాడు.

సరిచేయక తప్పలేదు. విలువ కట్టేది కౌంటీ సభ కాదురా, అప్రైజల్ డిస్ట్రిక్ట్ అని వేరే ఒకటుంది. జనవరి 1న ఇల్లెలా ఉంటే ఆ విలువ. సభ వేసేది రేటు మాత్రమే. తిట్టేటప్పుడైనా సరైన ఆఫీసుని తిట్టాలి కదా.

"ఆరువారాల్లో నీకెలా తెలిసింది?" అన్నాడు. పదకొండేళ్లుగా నీకెలా తెలీలేదని నేనడగలేదు.

మే 28, మంగళవారం

తెల్లవారి ఆరింటికి గాలీవానా ఒకేసారి విరుచుకుపడ్డాయి. కిటికీలు గజగజలాడాయి. డాలస్ చుట్టుపక్కల ఆరు లక్షలకు పైగా కనెక్షన్లకి కరెంటు పోయింది. మొన్న శనివారం రాత్రే ఉత్తరాన కుక్ కౌంటీలో వ్యాలీ వ్యూ దగ్గర సుడిగాలికి ఏడుగురు పోయారు.

ఈవేళే పార్టీల అభ్యర్థుల్ని ఎంచుకునే రెండో విడత ఎన్నిక. ఎన్నికలు నడిపే భారం కౌంటీలదే. పోలింగ్ కేంద్రాల్లోనూ కరెంటు లేదు. డాలస్ కౌంటీలో ఏడింటికి ముగియాల్సిన పోలింగు తొమ్మిది దాకా పొడిగించారు. 1996 నవంబరు తుఫాను తర్వాత కొవ్వొత్తి వెలుగులో బియ్యం పంపిణీ పట్టీలు రాశాం. ఆ కొవ్వొత్తి వాసన ఈవేళ మళ్లీ వచ్చింది. తీరా చూస్తే కోడలు వెలిగించింది వనిల్లా వాసనది.

జూన్ 4, మంగళవారం

రాత్రి ఈ కాలనీలో ఒక్క తెలుగిల్లూ నిద్రపోలేదు. ఆంధ్రలో ఓట్ల లెక్కింపు. ఇక్కడి గడియారంలో సోమవారం రాత్రి తొమ్మిదిన్నరకి మొదలై తెల్లారేదాకా. మా హాల్లోనే పద్నాలుగు మంది. సాయంత్రం నడకలో నాతో వచ్చే గుంటూరు మాస్టారు రౌండ్లవారీగా కాగితం మీద వేసుకున్నారు. కూటమికి 175లో 164. మూడింటికి ఉప్మా.

పొద్దున్న సభకి వెళ్దామంటే దింపేవాళ్లు లేరు, అందరూ పడకల మీదున్నారు. లాప్‌టాప్‌లో ప్రత్యక్ష ప్రసారం పెట్టుకున్నాను. చూస్తున్నవాళ్ల సంఖ్య మూలన కనిపిస్తోంది: 9.

సాయంత్రం నడకలో మాస్టారి అల్లుణ్ణి అడిగాను, "మీ ప్రెసింక్ట్ కమిషనరెవరండీ?" ఆయన నవ్వి, "ప్రెసింక్ట్ అంటే పోలీస్ స్టేషన్ కదండీ" అన్నారు. ఒకటో, మూడో ప్రెసింక్టులకి అధ్యక్ష ఎన్నికతో పాటే ఎన్నిక జరుగుతుంది, అంటే ఈ నవంబరులోనే. ఆయన ఓటరు.

పుట్టిన నేల మీద మమకారాన్ని తప్పుపట్టను. కానీ మండలం పేరు కూడా మర్చిపోయినవాడు కుప్పంలో మెజారిటీ ఎంతో చెబుతున్నాడు. ఏటా వందలు కట్టే చోట కుర్చీ ఖాళీగా ఉంచుతున్నాడు.

జూన్ 11, మంగళవారం

తారాజువ్వల మీద చర్చ. జూలై 4 పండక్కి ఊరి హద్దుల బయట పుల్ల ఉన్న తారాజువ్వలు, రెక్కలున్న రాకెట్లు నిషేధించాలా? సభకి ఆ అధికారముంది, కానీ నేల ఎంత ఎండిందో చెప్పే సూచిక 575కి చేరితేనే. అది సున్నా నుంచి 800 దాకా ఉండే కొలత. ఉత్తర్వులు జూన్ 15 లోపే వెయ్యాలి. మేలో కురిసిన వానలకి నేల పచ్చిగానే ఉంది. నిషేధం లేదు.

మన దీపావళికి ఎంత దూరంలో దుకాణం పెట్టాలన్నదే పెద్ద పంచాయితీ. నేలతడి కొలిచి తారాజువ్వకి అనుమతిచ్చేవాళ్లని ఇప్పుడే చూడటం.

జూన్ 18, మంగళవారం

నోటీసు బోర్డు మీద: గోధుమరంగు గిత్త ఒకటి, కొమ్ముల్లేవు, ఫలానా రోడ్డు పక్కన దొరికింది, సొంతదారు రుజువు చూపి తోలుకెళ్లాలి, లేకుంటే వేలం. తప్పిపోయిన పశువుల్ని పట్టి ఉంచడం షెరీఫ్ పని.

బందెలదొడ్డి! నా చిన్నప్పుడే మా ఊరి బందెలదొడ్డి మూతబడింది. తాళంచెవి మాత్రం పంచాయతీ ఆఫీసు మేకుకి చాలాకాలం వేలాడింది. అది ఇక్కడ బతికుందని మా ఆవిడకి చెబితే, "ఆ గిత్తకి పచ్చిగడ్డి వేస్తున్నారో లేదో" అంది.

జూన్ 25, మంగళవారం

టోపీ పెద్దాయన లేచాడు. ఆయన పొలం పక్కన రెండు వందల ఇళ్ల లేఅవుట్ వస్తోంది. మైకు దగ్గర ఒక చిన్న దీపస్తంభం: పచ్చ, పసుపు, ఎరుపు. మూడు నిమిషాలు. తన ఆవులు, వాననీటి వాలు, నూట ఇరవయ్యేళ్ల తమ కుటుంబపు చెరువు గురించి చెప్పాడు. గొంతు లేపలేదు. ఎర్రదీపం వెలగ్గానే వాక్యం మధ్యలో ఆపి కూర్చున్నాడు.

లేఅవుట్ ఆమోదమైంది. సభవాళ్లు కర్కోటకులై కాదు. టెక్సాస్‌లో ఊరి హద్దుల బయట ఇక్కడ ఇళ్లే, అక్కడ పొలాలే అని గిరిగీసే అధికారం కౌంటీలకి దాదాపు లేదు. నిబంధనలకి సరిపోయిన లేఅవుట్‌ని కాదనలేరు. ఒక కమిషనరు ఆ మాటే చెప్పి, తల దించుకుని చెయ్యెత్తాడు.

వెళ్తూ పెద్దాయన నాకు రెండు పిప్పరమెంట్లిచ్చాడు.

జూలై 2, మంగళవారం

నాలాంటి పని చేసే ఆవిడ వేదిక పక్కన చిన్న బల్ల దగ్గర కూర్చుంటుంది. మాటలు తక్కువ, వేళ్లు ఎక్కువ. సభ మినిట్స్ రాసే బాధ్యత కౌంటీ క్లర్క్‌ది, ఈవిడ ఆ ఆఫీసు ఉద్యోగి. కౌంటీ క్లర్క్‌ని జనం ఓట్లేసి ఎన్నుకుంటారు. షెరీఫ్, ట్రెజరర్, పన్ను వసూలు అధికారి కూడా అంతే. ఆడిటర్ని మాత్రం జిల్లా జడ్జీలు నియమిస్తారు. ఖర్చుపెట్టేవాళ్లే లెక్కచూసేవాణ్ణి ఎంచుకోకూడదని.

మినిట్స్ రాసేవాడికి ఓట్లు! ఫ్లెక్సీ మీద నా బొమ్మ ఊహించుకున్నాను. "మీ విధేయుడు, సభను ప్రశాంతంగా ముగించగలవాడు."

జూలై 9, మంగళవారం

సాయంత్రం నడక బృందం ఆరుగురం. గుంటూరు మాస్టారు, వరంగల్ మేడంగారు, ఇంకా ముగ్గురు. అందరం బిడ్డలిళ్లకి వచ్చిన ముసలాళ్లమే. కాలనీ గేటు దాటాక పార్కుకి అరమైలు. కాలిబాట లేదు. రోడ్డంచు విరిగి, పక్కనే లోతు కాలవ. ఈవేళ మేడంగారి కాలు జారింది. "ఏం గాలే సార్, చెప్పే తెగింది" అన్నారు గానీ మోకాలు కొట్టుకుపోయింది.

రాత్రి కోడలు మూడుచోట్లకి ఫోన్ చేసింది. కౌంటీవాళ్లు మ్యాపు చూసి, మా రోడ్డు తూము దాకానే అన్నారు. ఊరివాళ్లు, తూము అవతల మాదే, కాలవ మాది కాదన్నారు. మూల మలుపు నుంచి ఫార్మ్-టు-మార్కెట్ రోడ్డు, అది రాష్ట్రానిది.

నాకు నవ్వొచ్చింది. పంచాయతీ రోడ్డు, జడ్పీ రోడ్డు, ఆర్ అండ్ బీ రోడ్డు. ముప్పై నాలుగేళ్లు ఆ మూడు ముక్కలాట ఆడింది నేనే. ఇప్పుడు ముక్కలు అవతలివాళ్ల చేతిలో ఉన్నాయి.

జూలై 25, గురువారం

ఆస్తుల విలువల పట్టిక ధ్రువీకరించి ఇవ్వడానికి గడువు ఈవేళే. దాన్ని పట్టుకునే రేటు లెక్క. ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలు. ఆఫీసువాళ్ల మొహాల్లో మన మార్చి నెల కనిపిస్తోంది.

ఆగస్టు 6, మంగళవారం

బడ్జెట్ చర్చ, నాలుగు గంటలు. పూర్తిగా కూర్చున్నాను.

జైలు దగ్గర అందరి గొంతూ మారింది. రాష్ట్ర నియమం ప్రకారం 48 మంది ఖైదీలకి ఒక కాపలాదారుండాలి. ఉద్యోగులు దొరక్కపోతే ఉన్నవాళ్లకే అదనపు గంటలు, అదనపు జీతం. జైల్లో ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఇంకా విచారణే కాలేదు. జ్యూరీకి వచ్చేవాళ్ల భత్యం కిందటేడు సెప్టెంబరులో పెరిగింది, మొదటిరోజు 6 డాలర్ల నుంచి 20కి.

మన జిల్లా పరిషత్‌కి ఇంటిపన్ను వేసే హక్కు లేదు, అది పంచాయతీది. మాకొచ్చేది ఆర్థిక సంఘం నిధులు, సీనరేజిలో వాటా. మిగతాదంతా పైనుంచి రావాలి. అందుకే మా తీర్మానాలు సగం 'ప్రభుత్వమును కోరుతూ' అని ఉండేవి. కోరడానికి గొంతు కావాలి, అంచేత సభలో అరుపులు. వీళ్లు కోరనక్కర్లేదు, వేసి వసూలు చేసుకుంటారు. దానికి గొంతెందుకు, కాలిక్యులేటరు చాలు. కానీ అరిచే సభకి జనం చెవి ఒగ్గుతారు, లెక్కవేసే సభని వదిలేస్తారు.

ఆగస్టు 13, మంగళవారం

మాట్లాడాను.

పని కాదని తెలుసు. పుస్తకంలో పడితే చాలు. కోడలు చట్టం చదివి చెప్పింది, "అనువాదంతో మాట్లాడేవాళ్లకి కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలి మావయ్యగారూ. మీకు ఆరు నిమిషాలు." ఇంగ్లీషులో మూడు నిమిషాలు నెట్టుకురాగలను, కానీ ఆరు నిమిషాల తెలుగుని ఎవడొదులుకుంటాడు?

పేరు, చిరునామా, విషయం రాసి చీటీ ఇచ్చాను. పిలిచారు. నా పేరు పలకడానికి జడ్జిగారు చాలా కష్టపడ్డారు. పచ్చదీపం వెలిగింది. "అయ్యా, అమ్మా, మేం ఓట్లున్నవాళ్లం కాదు, మా పిల్లలు పన్ను కడతారు, వాళ్ల పిల్లల్ని మేం చూస్తాం. సాయంత్రం అరమైలు నడుస్తాం. తూము దగ్గర రోడ్డంచు విరిగింది. రెండడుగుల మట్టి పరిచి చదును చేస్తే చాలు." కోడలు ఒక్కో వాక్యం ఇంగ్లీషులోకి దించింది. ఆరు నిమిషాలిస్తే మాటలు మూడున్నరకే అయిపోయాయి. మిగతా సమయం మైకు ముందు ఊరికే నిలబడలేక కూర్చున్నాను.

అజెండాలో లేని సంగతి కాబట్టి చర్చించకూడదు. రోడ్ల ఇంజినీరు సంగతి మాత్రం చెప్పాడు: కౌంటీ రోడ్డు తూము దాకానే. మర్యాదగా చెప్పాడు. "మా పరిధిలోకి రాదు" అన్న మాటని కోడలు తెలుగులోకి తిప్పబోతే వద్దన్నాను. ఆ వాక్యం నాకు ఏ భాషలోనైనా తెలుస్తుంది.

ఆగస్టు 14, బుధవారం

నిద్ర రాలేదు. ఒక ముసలాయన గుర్తొచ్చాడు. గొల్లప్రోలు తువ్వాలు, చేతికర్ర. వాళ్ల ఊరి డొంకదారి తూము కూలిందని మూడుసార్లు మా ఆఫీసుకి వచ్చాడు. రెండుసార్లు నేనే చెప్పాను, "అది ఆర్ అండ్ బీ వాళ్లది పెద్దాయనా." మూడోసారి సర్వసభ్య సమావేశం రోజున వచ్చాడు. ఎలా లోపలికొచ్చాడో, వెనక వరసలోంచి లేచి, "బాబూ, నా మాట కూడా..." అన్నాడు. సభ్యులు కానివాళ్లు మాట్లాడకూడదు. అటెండరు భుజం పట్టుకుని బయటికి తీసుకెళ్లాడు.

ఆగస్టు 27, మంగళవారం

నేను మాట్లాడిన సభ మినిట్స్ ఆమోదమయ్యాయి, మూకుమ్మడి జాబితాలో, ఒక్క ఓటుతో. కాపీ తెచ్చుకున్నాను. ఇంటిపేరు వెనక్కి, పేరు ముందుకి, మధ్యలో ఒక అక్షరం ఎక్కువ. పక్కన: రోడ్డు పరిస్థితి గురించి మాట్లాడారు.

నేనైనా అంతే రాసేవాణ్ణి. మోకాలి గాయం రాయను, తెగిన చెప్పు రాయను. కానీ మాట్లాడారు అని రాశారు.

సెప్టెంబరు 3, మంగళవారం

రేటు నిర్ణయించే రోజు. మామూలు సభకి ముగ్గురుంటే కోరం. పన్ను వేయడానికి మాత్రం నలుగురుండాలి. 2022లో హారిస్ కౌంటీలో ఇద్దరు కమిషనర్లు కావాలనే రావడం మానేశారు. ముగ్గురితో రేటు వేయలేక, కొత్త రాబడి తేని పాత స్థాయి రేటుకే దిగాల్సి వచ్చింది. గైర్హాజరీ కూడా ఓటే. మన వాకౌట్ల వల్ల ఇంత పని ఎప్పుడూ జరగలేదు.

రాబడి పెంచే రేటైతే ప్రతిపాదించే సభ్యుడు చట్టంలో రాసిన వాక్యాన్ని ఉన్నదున్నట్టు పలకాలి: పన్ను రేటు పెంచాలని ప్రతిపాదిస్తున్నాను, ఇది ఇంత శాతం పెంపుతో సమానం. సవరణ, సర్దుబాటు, హేతుబద్ధీకరణ అనడానికి లేదు. పెంచుతున్నానని నోటితో అనాలి. తర్వాత పేరుపేరునా ఓటు. నిర్వహణ రాబడి 3.5 శాతానికి మించి పెంచే రేటైతే నవంబరులో జనం ఓటుకి పోవాలి.

ఒకాయన ఆ వాక్యం చదివాడు. చదివేటప్పుడు మనవైపు చూడలేదు, కాగితం వైపే చూశాడు. ఆరు అంకెలూ చదివాడు. హాల్లో పదకొండు మందిమి. ఏప్రిల్‌లో వెతికిన ఆ చివరి అంకె ఇలా పుడుతుందన్న మాట, ఎవరూ తుమ్మకుండా.

సెప్టెంబరు 17, మంగళవారం

ఆఖరిసారి వెళ్లాను. ఈసారి మాస్టారూ, మేడంగారూ కూడా వచ్చారు. మాస్టారి అల్లుడు సెలవు పెట్టి కారు తీశాడు. తన కమిషనర్ని మొదటిసారి చూసి, "ఈయన మా గ్రోసరీ స్టోర్లో కనిపిస్తుంటాడండీ!" అన్నాడు. టోపీ పెద్దాయనకి మా ఆవిడ చేసిన నువ్వులుండలిచ్చాను. వాసన చూసి జేబులో పెట్టుకున్నాడు.

తూము దగ్గర మట్టి ఇంకా ఎవరూ పరచలేదు.

సెప్టెంబరు 24, మంగళవారం

రేపు ప్రయాణం. సూట్‌కేసులు తూచడం అయింది. రెండు కిలోలెక్కువ, అందులో అజెండా కాగితాలే కిలో. మా ఆవిడ చూస్తోంది, నేను చూడనట్టు నటిస్తున్నాను.

తూము కోసం ఆ ముసలాయన సభలో లేచిన రోజు మినిట్స్ నేనే రాశాను. చివరి వాక్యం నోటికొచ్చు. కర్రపొడుగు దూరంలో నిలబడి అంతగా అడిగినవాడు ఆ పుస్తకంలో ఎక్కడా లేడు. ఆ పుస్తకం ఇప్పుడు నా చేతిలో లేదు. ఇది నా పుస్తకం, ఇందులో రాసుకుంటాను.

వెనకటి తేదీతో, అజెండాలో లేని అంశం: డొంకదారి తూము కూలిన విషయమై ఒక పెద్దాయన, పేరు అడగనందున తెలియదు, సభలో మాట్లాడారు. నమోదు చేయడమైనది.